ఒకరి ఊపిరి ఇంకొకరికి



ఈ పాఠం గోడ మీది ఒక రాత నుంచి మొదలైంది.

మా కేంద్రంలో చదువుకునే అక్క ఒకామె మొన్న తమ్ముణ్ణి తీసుకుని తిరుపతి పెద్దాసుపత్రికి పోయింది. చీటీ కోసం వరుసలో నిలబడింది. ఎదురుగా గోడకు ఒక కాగితం అంటించి ఉంది. పోయిన ఏడాదైతే ఆమెకు అది ఉత్త బొమ్మే. ఈసారి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "అవయవదానం" అని చదివింది. ఎవరినీ అడగలేదు. తానే చదివింది.

ఆ రాత్రి కేంద్రానికి వచ్చీ రాకముందే అడిగింది.

"టీచరమ్మా, అవయవదానం అంటే కండ్లు ఇచ్చేదేనా? ఊపిరితిత్తులు కూడా ఇస్తారంట గదా? మా తమ్మునికి అవే మార్చాల్సి వస్తుందేమో అంటా ఉండారు."

ఆమె తమ్ముడు రాళ్ళ క్వారీలో చాలా ఏండ్లు పని చేశాడు. రాతి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. మందులతో ఆయాసం కొంత తగ్గుతుంది కానీ, పాడైన ఊపిరితిత్తి తిరిగి బాగుపడదని డాక్టర్లు చెప్పారు. మార్పిడి పనికొస్తుందేమో పరీక్షలు చేసి చూడాలన్నారు. ఆ మాట విని ఇంట్లో వాళ్ళ అమ్మకు ఒకటే దిగులు.

"చచ్చినోళ్ళ తిత్తులు తెచ్చి పెడితే వాళ్ళ రోగం మన పిల్లోనికి అంటుకోదా?" అని ఏడుస్తా ఉందట.

ఆ పెద్దమ్మ అడిగింది మంచి ప్రశ్న. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా మొదట అదే ప్రశ్న వేసుకుంటారు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను. నిదానంగా చదవండి. అర్థం కాని చోట ఆగి, పక్కనున్న అక్కను అడగండి.

ఊపిరితిత్తులు ఏం చేస్తాయి?

మన ఎదలో రెండు ఊపిరితిత్తులు ఉన్నాయి. మనం పీల్చిన గాలిలో ప్రాణవాయువు ఉంటుంది. ఊపిరితిత్తులు దాన్ని తీసుకుని రక్తంలో కలుపుతాయి. రక్తంలోని చెడు గాలిని బయటికి పంపుతాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. మనం నిమిషానికి సుమారు 15 సార్లు ఊపిరి పీలుస్తాం అనుకోండి. గంటకు 15 × 60 = 900 సార్లు. రోజుకు 900 × 24 = 21,600 సార్లు. నిద్రపోయినా ఆ పని ఆగదు.

ఇంకొక సంగతి గుర్తు పెట్టుకోండి. గుండె, కాలేయం, మూత్రపిండాలు ఒంటి లోపల దాగి ఉంటాయి. వాటికి బయటి గాలి తగలదు. ఊపిరితిత్తులు అట్ల కాదు. వాటికి ముక్కు, నోరు అనే వాకిలి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గాలితో పాటు దుమ్ము, పొగ, క్రిములు కూడా లోపలికి పోతాయి. ఈ పాఠమంతా ఆ తెరిచిన వాకిలి గురించే.

మార్పిడి ఎట్ల జరుగుతుంది?

రోడ్డు ప్రమాదంలో ఒకరి తలకు పెద్ద దెబ్బ తగిలిందనుకోండి. మెదడు పూర్తిగా చచ్చిపోయింది. ఇక తిరిగి రాదు. తనంతట తాను ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటరు అనే యంత్రం గాలి పంపుతూ ఉంటే గుండె మాత్రం కొద్దికాలం కొట్టుకుంటుంది. దీన్ని మెదడు మరణం అంటారు.

"స్పృహ లేకుండా పడి ఉండేవాళ్ళను కూడా అట్లే అంటారా?" అని ఒక అక్క అడిగింది. లేదు. స్పృహ తప్పిన మనిషి కోలుకోవచ్చు. మెదడు చచ్చిన మనిషి కోలుకోదు. రెండూ వేరు వేరు.

మన దేశంలో దీనికి 1994లో చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు కలిసి పరీక్ష చేయాలి. ఆరు గంటల తర్వాత మళ్ళీ చేయాలి. రెండుసార్లూ అదే తేలితేనే మెదడు మరణం అని రాస్తారు. ఆ తర్వాత ఇంటివాళ్ళను అడుగుతారు. వాళ్ళు ఒప్పుకుంటేనే అవయవాలు తీస్తారు. వద్దంటే తీయరు. అవయవాలు అమ్మడం, కొనడం నేరం. దానికి జైలు శిక్ష ఉంది.

మన రాష్ట్రంలో ఈ పనిని జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం చూస్తుంది. అవయవం కావలసిన రోగుల పేర్లు వరుసగా రాసి పెడతారు. అవయవం దొరికినప్పుడు ఎవరికి సరిపోతుందో చూసి ఇస్తారు.

మన తిరుపతికి ఇది కొత్త సంగతి కాదు. 2023 జనవరిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో ఒక పిల్లవాడికి గుండె మార్చారు. ఆ గుండె ఉత్తరాంధ్ర నుంచి విమానంలో వచ్చింది. రేణిగుంట నుంచి బండి ఆగకుండా దారి ఖాళీ చేయించారు. ఊపిరితిత్తుల మార్పిడి ఇంకా కష్టమైన పని. దానికి మన వాళ్ళు చెన్నైకో హైదరాబాదుకో పోవాల్సి వస్తుంది.

ప్రపంచంలో మొదటిసారి మనిషికి ఊపిరితిత్తి మార్చింది 1963లో, అమెరికాలో. ఆ రోగి 18 రోజులే బతికాడు. 1983లో కెనడా దేశంలో మార్చిన రోగి ఆరేండ్లకు పైగా బతికాడు. 1999లో చెన్నైలో గుండె, ఊపిరితిత్తులు కలిపి మార్చారు. 2020లో కరోనా సోకిన రోగులకు చెన్నైలోనూ, హైదరాబాదులోనూ రెండు ఊపిరితిత్తులూ మార్చారు.

ఇచ్చేవారి ఊపిరితిత్తుల్లో క్రిములు ఉంటాయా?

ఉంటాయి. చాలాసార్లు ఉంటాయి. దాచి చెప్పడం ఎందుకు?

కారణాలు చూడండి. ఒకటి, ఇందాక చెప్పిన తెరిచిన వాకిలి. రెండు, గొంతులో గొట్టం వేసి యంత్రంతో గాలి పంపుతారు. ఆ గొట్టం వెంబడి క్రిములు దిగుతాయి. మూడు, స్పృహ లేని మనిషి దగ్గలేదు. నోటిలోని ఉమ్మి, కడుపులోని నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు.

అందుకని డాక్టర్లు పరీక్షలు చేస్తారు. ఎదకు ఎక్స్‌రే తీస్తారు. సన్నని గొట్టం లోపలికి పంపి కళ్ళతో చూస్తారు. కొంచెం నీళ్ళు పోసి తిరిగి లాగి, ఆ నీళ్ళలో ఏ క్రిమి ఉందో పరీక్షకు పంపుతారు. రక్తంలో ఎయిడ్స్ క్రిమి, కామెర్ల క్రిములు ఉన్నాయేమో చూస్తారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ నీళ్ళలోని క్రిమి పెరిగి, దాని పేరు తెలియాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. క్షయ క్రిమి అయితే వారాలు పడుతుంది. తీసిన ఊపిరితిత్తి అంతకాలం నిలవదు. మంచు పెట్టెలో పెట్టి, గంటల్లోనే రోగికి అమర్చాలి. అంటే పరీక్ష జవాబు రాకముందే ఆపరేషన్ అయిపోతుంది.

మరి ఏం చేస్తారు?

విత్తనం మాట

ఈ మాట అడిగినప్పుడు కేంద్రంలో అందరూ గమ్మున ఉన్నారు. అప్పుడు చెనిక్కాయ పండించే ఒక పెద్దమ్మ అంది.

"విత్తనంలో ఏ తెగులు ఉండాదో మనకు మాత్రం ముందే తెలుస్తాదా? పుచ్చు పప్పు ఏరి పారేస్తాం. మంచి పప్పుకు మందు పట్టించి విత్తుతాం. మొలిచినాక చూసుకుని మళ్ళీ మందు కొడతాం."

సరిగ్గా డాక్టర్లు చేసేది కూడా అదే.

బాగా చెడిపోయిన ఊపిరితిత్తులను తీసుకోరు. క్షయ ముదిరి ఉన్నవి తీసుకోరు. ఒళ్ళంతా అదుపు తప్పిన జబ్బు ఉంటే తీసుకోరు. మామూలు క్రిములు కొన్ని ఉన్నా, ఊపిరితిత్తి బాగా పని చేస్తూ ఉంటే తీసుకుంటారు. ఆపరేషన్ రోజునే రోగికి చాలా రకాల క్రిములను చంపే మందులు మొదలుపెడతారు. పరీక్ష జవాబు వచ్చాక, ఆ క్రిమికి తగిన మందుకు మారుస్తారు.

ఇట్ల జాగ్రత్తగా చేస్తే, దాత ఊపిరితిత్తిలో మామూలు క్రిమి ఉన్నంత మాత్రాన రోగికి చెడు జరగదు. క్రిమి లేని ఊపిరితిత్తి పొందిన వారి మాదిరిగానే చాలామంది కోలుకుంటారు. క్రిములున్న ప్రతి ఊపిరితిత్తినీ పారేస్తే, వరుసలో ఎదురుచూసే రోగులకు దొరికేవి చాలా తక్కువ. ఎదురుచూస్తూ చచ్చిపోయేవాళ్ళు ఎక్కువవుతారు.

కానీ మందుకు లొంగని మొండి క్రిములు ఉంటాయి. దాత నుంచి అటువంటివి వస్తే ప్రమాదం ఎక్కువ. కుట్లు వేసిన చోట పుండు పడవచ్చు. క్రిమి రక్తంలోకి పోవచ్చు. ప్రాణం మీదికి రావచ్చు.

ఆ మొండి క్రిములు ఎక్కడి నుంచి వచ్చాయి? అది మనకూ సంబంధం ఉన్న మాట. జలుబు చేస్తే మందుల అంగడికి పోయి, డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ బిళ్ళలు తెచ్చి మింగుతాం. జ్వరం తగ్గగానే మిగిలినవి పిల్లల కోసం ఎత్తి పెడతాం. అరకొర మందుతో చావని క్రిమి ఆ మందుకు అలవాటు పడుతుంది. మరుసటిసారి ఆ మందు దాన్ని ఏమీ చేయలేదు. అట్లాంటి క్రిములు మనిషి నుంచి మనిషికి పాకి, ఆస్పత్రి మంచాల దాకా చేరుతాయి.

దాచిపోయిన మాట

కొన్ని రోగాలు మామూలు పరీక్షల్లో తేలవు. వాటిని పట్టుకోవడానికి ఒకటే దారి. ఇంటివాళ్ళను అడగాలి. వాళ్ళు నిజం చెప్పాలి.

ఇవి జరిగిన సంగతులు.

2004లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక మనిషి చనిపోయాడు. మెదడులో రక్తం కారి చనిపోయాడనుకున్నారు. అతని అవయవాలు ఇతరులకు పెట్టారు. అతని కాలేయం, మూత్రపిండాలు, రక్తనాళం ముక్క పొందిన నలుగురూ చనిపోయారు. పరీక్ష చేస్తే రేబిస్ అని తేలింది. మనం పిచ్చికుక్క రోగం అంటామే, అదే. అప్పుడు విచారిస్తే, తనను గబ్బిలం కరిచిందని అతను తెలిసినవాళ్ళతో అన్నట్టు బయటపడింది. ఆ మాట అవసరమైన రోజున డాక్టర్లకు చేరలేదు.

ఆ వెంటనే, 2005లో జర్మనీ దేశంలో అటువంటిదే జరిగింది. ఆ దాత ఒక యువతి. ఆమె 2004 అక్టోబరులో మన దేశానికి వచ్చి పోయింది. ఆమె ఊపిరితిత్తులు పొందిన రోగి చనిపోయారు. మూత్రపిండాలు పొందిన ఇద్దరూ చనిపోయారు. కాలేయం పొందిన రోగి మాత్రం బతికారు. ఎందుకో తెలుసా? ఆ రోగి ఎప్పుడో రేబిస్ టీకాలు వేయించుకుని ఉన్నారు.

ఈ సంగతి చదివినప్పుడు కేంద్రంలో ఒక అక్క అంది. "మా వీధిలో కుక్క కరిస్తే ఆకు పసరు పోసి ఊరుకుంటారు టీచరమ్మా."

అట్ల ఊరుకోకూడదు. కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. చెప్పిన తేదీలన్నింటికీ పోయి సూదులు వేయించుకోవాలి. సర్కారు ఆస్పత్రిలో వేస్తారు. రోగం బయటపడిన తర్వాత దాదాపు ఎవరూ బతకరు.

క్షయ మాట

మన ప్రాంతానికీ ఊపిరితిత్తుల జబ్బుకూ పాత పరిచయం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. అక్కడ వంద సంవత్సరాల కిందటే క్షయ రోగుల కోసం పెద్ద ఆస్పత్రి కట్టారు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, ఇవే మందు. ఎక్కడెక్కడి నుంచో రోగులు ఆ కొండగాలి కోసం వచ్చేవారు.

ఇప్పుడు మందు ఉంది. మామూలు క్షయ ఆరు నెలలు సరిగ్గా మందు మింగితే నయమవుతుంది. పరీక్షా ఉచితం, మందూ ఉచితం. మందు మింగినంత కాలం తిండి కోసం ప్రభుత్వం డబ్బు కూడా ఇస్తుంది. అది 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు.

క్షయ క్రిమి ఒంట్లో నిద్రపోతూ ఉండగలదు. మన దేశంలో చాలామంది ఒంట్లో అట్ల ఉంది. వాళ్ళకు జబ్బు ఏమీ కనిపించదు. కానీ ఆ ఊపిరితిత్తి ఇంకొకరికి పెడితే, అక్కడ క్రిమి నిద్ర లేవవచ్చు. అందుకే డాక్టర్లు దాత ఇంటివాళ్ళను అడుగుతారు. "ఎప్పుడైనా క్షయ వచ్చిందా? ఇంట్లో ఎవరికైనా వచ్చిందా? మందు పూర్తిగా వాడారా?" వచ్చి ఉందని తెలిస్తే, ఊపిరితిత్తులు పొందే రోగికి ముందే మందు ఇచ్చి కాపాడవచ్చు. తెలియకపోతే కాపాడలేరు.

చూడండి అక్కలారా. జబ్బు ఉందని చెప్పినందుకు నష్టం లేదు. దాచినందుకు ఉంది.

మార్పిడి తర్వాత

కొత్త ఊపిరితిత్తిని మన ఒళ్ళు పరాయిదని గుర్తుపడుతుంది. దాని మీద పోరాడుతుంది. ఆ పోరాటం ఆపడానికి బతికినంత కాలం మందులు మింగాలి. ఆ మందులు ఒంట్లోని కాపలా బలాన్ని తగ్గిస్తాయి. కాపలా తగ్గితే ఏ క్రిమైనా సులభంగా దూరుతుంది. మొదటి సంవత్సరంలో రోగుల ప్రాణం తీసే పెద్ద కారణాల్లో క్రిముల జబ్బు ఒకటి.

కాబట్టి ఆ ఇంట్లో చేతులు కడుక్కోవడం, వంట పొగ లేకుండా చూడడం, దగ్గే చుట్టాలను దూరం ఉంచడం, ఇవన్నీ వైద్యంలో భాగమే. ఆ పని ఎక్కువగా చేసేది ఎవరు? మనమే.

ప్రపంచం మొత్తం లెక్క చూస్తే, ఊపిరితిత్తులు మార్చుకున్న వారిలో దాదాపు సగం మంది ఆరేడు సంవత్సరాలు దాటి బతుకుతున్నారు. కొందరు ఇరవై ఏండ్లు కూడా బతికారు. కొందరు సంవత్సరం కూడా నిలవలేదు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఇది చిన్న నిర్ణయం కాదు. రోగి, ఇంటివాళ్ళు, డాక్టరు కూర్చుని మాట్లాడుకోవాలి.

ఈ మాటలన్నీ ఆ అక్కతో చెప్పాను. ఆమె విని, పలక తీసుకుంది. తమ్ముణ్ణి చూసే డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు ఒకటొకటిగా రాసుకుంది. మొదటి ప్రశ్న వాళ్ళ అమ్మదే. "ఇచ్చేవాళ్ళకు రోగం ఉందో లేదో ఎట్ల చూస్తారు?" అక్షరాలు వంకరగా ఉన్నాయి. ప్రశ్న మాత్రం వంకర లేదు.

ఆ రాత్రి పాఠం అయిపోయింది. అందరూ లేచి పోయారు. ఎప్పుడూ వెనక వరుసలో గమ్మున కూర్చునే ఇంకో అక్క మాత్రం వాకిట్లో ఆగింది. చుట్టూ చూసి మెల్లగా అడిగింది.

"మా ఇంటాయనకు నెల నుంచి దగ్గు. పాపకు సంబంధం చూస్తా ఉండాము, ఊర్లో తెలిస్తే ఎట్ల అని గమ్మున ఉన్నాం. గళ్ళ పరీక్ష ఎక్కడ చేస్తారు మా?"

మరుసటి రోజు పొద్దున ముగ్గురం కలిసి ఆస్పత్రికి పోయాం. చీటీ మీద ఆయన పేరు ఆమే రాసింది.

గుర్తు పెట్టుకుందాం

1. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే గళ్ళ పరీక్ష చేయించాలి.
2. క్షయ మందు మధ్యలో ఆపకూడదు.
3. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ మందులు వాడకూడదు. రాసిచ్చినన్ని రోజులూ వాడాలి.
4. కుక్క కరిస్తే కడగాలి, ఆ రోజే సూది వేయించాలి.
5. రాళ్ళ పనికి పోయేవాళ్ళు దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి. ముక్కుకూ నోటికీ సరైన మాస్కు కట్టుకోవాలి.
6. డాక్టరు అడిగితే పాత జబ్బుల సంగతి దాచకుండా చెప్పాలి.

కొత్త మాటలు

దాత – ఇచ్చేవారు
అవయవం – ఒంట్లోని భాగం
మార్పిడి – ఒకటి తీసి ఇంకొకటి పెట్టడం
వెంటిలేటరు – ఊపిరి అందించే యంత్రం
గళ్ళ – దగ్గినప్పుడు ఎదలోంచి వచ్చేది

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో మిగిలిపోయిన బిళ్ళలు ఉన్నాయా? వాటిని ఏం చేస్తున్నారు?
2. జబ్బు సంగతి దాచడం వల్ల ఎవరికైనా నష్టం జరిగిందా?
3. ఆత్మీయులు పోయిన వేళ అవయవదానం గురించి అడిగితే మీరు ఏమంటారు? ఇంట్లో ఈ మాట ముందే మాట్లాడుకున్నారా?

రాయండి

మీ ఊరి నుంచి దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రి ఏది? అక్కడికి ఏ బస్సు పోతుంది? గళ్ళ పరీక్ష ఏ వేళలో చేస్తారు? కనుక్కుని మీ పుస్తకంలో రాయండి. ఇంకా చదువు రాని ఒక అక్కకు చదివి వినిపించండి.